బండి మీది మూత ఎందుకు లేస్తుంది?

మంత్రాలయం నుంచి ఎమ్మిగనూరు వైపో, ఆదోని వైపో పోయే రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. పత్తి బోరాలు, ఉల్లిగడ్డల సంచులు, మన వైపు బుడ్డలనే వేరుశనగ కాయల మూటలు వేసుకొని పికప్ బండ్లు పోతుంటాయి. కొన్నింటి మీద టార్పాలిన్ పట్ట సరుకును అంటిపెట్టుకొని ఉంటుంది. కొన్నింటి మీద అది బూరెలా పొంగి, అంచులు టపటపా కొట్టుకుంటూ ఉంటాయి. బండి ఆగగానే ఆ పొంగు చల్లారిపోతుంది. ఎందువల్ల?

“గాలి పట్టి లాగుతుంది” అంటారు చాలామంది. కాని గాలికి లాగడం చేతకాదు. నెట్టడం మాత్రమే వచ్చు. మరి పట్టను పైకి నెట్టే గాలి ఎక్కడుంది? పట్ట కిందనే ఉంది!

బండి ముందుకు పోతున్నప్పుడు ముందున్న క్యాబిన్ గాలిని చీలుస్తుంది. చీలిన గాలి క్యాబిన్ పైకప్పు మీదుగా ఎక్కి, వెనుక తొట్టి మీదుగా వేగంగా పోతుంది. అక్కడ గాలి పీడనం మామూలు వాతావరణ పీడనం కన్నా కొంచెం తగ్గుతుంది. పట్ట కింద, సంచుల సందుల్లో ఉన్న గాలి మాత్రం ఇంచుమించు మామూలు పీడనంతోనే ఉంటుంది. కింద ఎక్కువ, పైన తక్కువ. ఆ తేడాయే పట్టను పైకి నెడుతుంది.

ఎంత బలం?

లెక్క వేసి చూద్దాం. కదిలే గాలి కలిగించగల పీడనం = ½ × గాలి సాంద్రత × వేగం వర్గం. గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోగ్రాములు. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతుంటే ఈ పీడనం చదరపు మీటరుకు 60 న్యూటన్లు. వేగం 72 కిలోమీటర్లయితే? వేగం రెండింతలు, పీడనం నాలుగింతలు, 240 న్యూటన్లు.

పట్ట పైనా కిందా ఉండే తేడా ఇందులో సగమే అనుకుందాం. తొట్టి పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లు అయితే వైశాల్యం 4 చదరపు మీటర్లు. 36 కిలోమీటర్ల వేగంలో పైకి నెట్టే బలం 120 న్యూటన్లు, అంటే 12 కిలోల బరువుకు సమానం. 72 కిలోమీటర్ల వేగంలో 480 న్యూటన్లు, అంటే దాదాపు 49 కిలోలు. మీ తరగతిలో ఒక విద్యార్థిని ఎత్తడానికి చాలినంత బలం!

పట్టకు బదులు తీసి పెట్టుకునే చెక్క పలకలు పరిచినా ఇదే లెక్క. 12 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ చదరపు మీటరుకు సుమారు 7 కిలోలు తూగుతుంది. అంటే 70 న్యూటన్లు. ఊరి వీధుల్లో మెల్లగా తిరిగినప్పుడు గాలి బలం 30 న్యూటన్లే కనుక పలక కదలదు. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకుంటే అది 120 న్యూటన్లవుతుంది. పలక లేస్తుంది. “ఊళ్ళో కదల్లేదు కదా, కట్టడం ఎందుకు?” అనేవారు మరచిపోయేది ఈ వర్గాన్నే.

ఎదురుగాలి సంగతీ చూడాలి. జూన్, జూలై నెలల్లో పడమటి గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తుంటే, దానికి ఎదురుగా 54 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి 72 కిలోమీటర్ల గాలి తగులుతుంది.

బ్రేకు వేస్తే

గాలి ఒక్కటే కాదు, జడత్వం కూడా ఉంది. 54 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 3 సెకన్లలో ఆగితే రుణ త్వరణం 5 మీ/సె². పలక జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం 0.5 దాకా ఉండాలి. దుమ్ము పడిన నున్నని ఇనుప అంచు మీద అంత ఘర్షణను నమ్ముకోలేం. పైగా గాలి పలకను కాస్త ఎత్తి ఉంటే ఘర్షణ ఇంకా తగ్గుతుంది. అందుకే ముందువైపు అడ్డుపట్టీ, మూలల్లో గడియలు కావాలి.

ఎలా బిగించాలి?

మొదట ముందు అంచు సంగతి చూడాలి. క్యాబిన్ వైపు అంచు కింద వేలు దూరేంత సందున్నా గాలి అందులో దూరి పట్టను విప్పుతుంది. ఆ అంచును సరుకు ముందువైపు కిందికి మడిచి కట్టాలి. రెండు పట్టలు వేస్తే ముందు పట్ట చివర వెనుక పట్ట మీదికి రావాలి. చేప పొలుసులు చూడండి, అదే అమరిక!

తర్వాత తాళ్ళు. బల్లపరుపుగా ఉన్న మూత మీద ఒక్క తాడు లాగి కడితే అది పట్టను గట్టిగా అదమలేదు. కుప్ప మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంటే తాడు దాని మీదుగా వంగి కిందికి నొక్కుతుంది. అడ్డంగా, ఏటవాలుగా కొన్ని తాళ్ళు వేస్తే పట్ట చిన్న గళ్ళుగా విడిపోయి, బలం అన్నింటికీ పంచబడుతుంది.

తాడు చివరను కొక్కేనికి ముడి వేసేముందు చుట్లు తిప్పడం చూశారా? అందులో గొప్ప గణితముంది. దీన్ని 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించాడు. ఘర్షణ గుణకం 0.3 అయితే, ఒక చుట్టుకు మన చేతి బలం సుమారు ఆరున్నర రెట్ల లాగుడును ఆపగలదు. రెండు చుట్లకు 43 రెట్లు! చుట్లే బరువు మోస్తాయి; ముడి చుట్లను కాపాడుతుంది.

కట్టి వదిలేస్తే చాలదు. కుదుపులకు సంచులు సర్దుకొని కుప్ప దిగుతుంది. బిగువు తాడు వదులవుతుంది. పది, పదిహేను కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ బిగించాలి. టైరు ట్యూబు పట్టీలు వాడేది కూడా ఇందుకే. కుప్ప దిగినా, సాగిన రబ్బరు ముడుచుకుంటూ బిగువు నిలుపుతుంది.

మీరే చేసి చూడండి

సుద్దముక్కల ఖాళీ పెట్టె మీద ఒక పోస్టుకార్డు పరచండి. ముందు ఒక చిన్న పుస్తకాన్ని క్యాబినులా నిలబెట్టి, టేబుల్ ఫ్యాను తిప్పండి. కార్డు ఏమవుతుంది? దానికి బదులు రాతి పలక పెడితే? కార్డు ముందు అంచును మాత్రమే అంటిస్తే? వెనుక అంచును మాత్రమే అంటిస్తే? ఫలితాలు నోటుబుక్కులో రాసుకోండి.

విడిపోయిన పట్ట వల్ల సరుకు తడిస్తే రైతుకు నష్టం. కాని అది వెనుక వచ్చే మోటారు సైకిలు మీద పడితే? 54 కిలోమీటర్ల వేగంతో వచ్చే మనిషికి రెండు సెకన్లు కళ్ళు కప్పుకుపోతే, 30 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఈసారి మీ పొలం నుంచి సంచులు బండికెక్కుతున్నప్పుడు ఒక్క పని చేయండి. బండి కదలకముందే ముందు అంచు కింద మీ వేలు దూరుతుందేమో చూడండి. దూరితే డ్రైవరన్నకు చెప్పండి.