గానుగ ఆడింది, గడువు ఆగలేదు

సంచికకి పనికొచ్చేది ఏదైనా రాయమని కమిటీవాళ్ళు అడిగారు. పన్నుల గురించి రాస్తాననుకున్నారు కాబోలు. లెక్కలు చూడడమే నా వృత్తి కాబట్టి ఆ గోల మీకు ఏటా వినిపిస్తూనే ఉన్నాను. ఈసారి నా చేయి కాలిన సంగతి రాస్తాను.

మాది అశ్వారావుపేట. అటు సత్తుపల్లి, ఇటు జంగారెడ్డిగూడెం, నడుమ జీడిమామిడి, పామాయిల్ తోటలు. గెలలు వేసుకుని ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి పోయే ఆ ఊళ్ళో మా తమ్ముడు చెక్క గానుగ పెట్టి నువ్వుల నూనె ఆడిస్తున్నాడు. దాన్ని ఇక్కడ అమెరికాలో షాపులకి వేయడానికి నేనో చిన్న కంపెనీ పెట్టి, ‘గానుగ’ అనే పేరుకి ట్రేడ్‌మార్క్ కోరాను. ఈ మాట ఇక్కడ ఎవరికి తెలుస్తుందిలే అని ధీమా.

తెలియకపోతే తెలియజెప్పాల్సింది మనమే. పరాయి భాష మాటకి ఇంగ్లీషు అర్థం దరఖాస్తులో రాసి తీరాలి. నూనె తీసే యంత్రమని రాశాను. నూనెకి ఆ పేరు పెడితే అది సరుకు వర్ణనే గాని గుర్తు కాదని తిరస్కరించారు. నా ఒక్కడికే కాదు లెండి. ఫ్రెంచిలో ‘దుస్తులు’ అనే అర్థమున్న మాటని బట్టల బ్రాండుగా పెట్టుకున్న పేరున్న కంపెనీ ఫెడరల్ సర్క్యూట్ కోర్టు దాకా వెళ్ళి, 2025 మేలో ఓడిపోయింది.

తెలుగు అరుదైన భాష అని వాదిద్దామా అంటే, నిజంగా అరుదైన భాషలకీ మృతభాషలకీ అర్థాన్ని బట్టి తిరస్కరించకుండా వదిలే వెసులుబాటు ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్ల మంది మాతృభాష అని చెప్పుకున్నది, డాలస్‌లో కూరగాయల కొట్టుకెళ్తే బిల్లు కౌంటరు దాకా వినబడేది అరుదైనదని ఏ నోటితో అంటాం? మనం పెరిగినకొద్దీ ఆ వాదన చిక్కిపోతుంది. ఈ ఓటమి నాకు కొంచెం గర్వంగానే ఉంది.

అసలు దెబ్బ గడువు దగ్గర తగిలింది. తిరస్కరణకి జవాబు చెప్పడానికి ఇప్పుడు 3 నెలలే; 2022 డిసెంబరుకి ముందు 6 ఉండేవి. 125 డాలర్లు కడితే మరో 3 నెలలు, అదీ ఒక్కసారే. జవాబిచ్చాను, ఒప్పుకోలేదు, ‘ఫైనల్’ అని వచ్చింది. అప్పుడు దారులు రెండు. తిరస్కరించిన అధికారినే మళ్ళీ చూడమని వినతి పెట్టడం. దానికి ఫీజు లేదు. ట్రేడ్‌మార్క్ ట్రయల్ అండ్ అప్పీల్ బోర్డుకి వెళ్ళడం. దానికి క్లాసుకి, అంటే ఒక్కో తరగతి సరుకుకి, 225 డాలర్లు. ఊరికే అయ్యేది ఉండగా డబ్బు దండగెందుకని వినతి పెట్టి కూర్చున్నాను.

వినతి పెట్టినంత మాత్రాన అప్పీల్ గడువు ఆగదు. ఈ వాక్యం కోసమే ఈ వ్యాసం. ఏప్రిల్ 15కి పొడిగింపు తీసుకున్నది కాగితాలకే గాని పన్ను కట్టడానికి కాదని ఏటా మీ అందరికీ చెప్పే నేనే, సరిగ్గా ఆ గుంటలో పడ్డాను. వినతికి ‘కాదు’ అనే జవాబు వచ్చేసరికి అప్పీల్‌కి ఉన్న 3 నెలలూ దాటాయి. దరఖాస్తుని నేనే వదిలేసుకున్నట్టు రికార్డులోకెక్కింది. తప్పు నాదే.

కాబట్టి రెండూ కలిపి వేయండి. అప్పుడు బోర్డు అప్పీల్‌ని పక్కన ఆపి, వినతి సంగతి తేల్చమని కాగితాలు వెనక్కి పంపుతుంది. మీ రుజువులు, అంటే అమ్మకాల లెక్కలు, ప్రకటనలు, సీసాల ఫోటోలు, అన్నీ అప్పీల్‌కి ముందే ఫైల్లో పడాలి; బోర్డు ముందు కొత్తవి చెల్లవు. అక్కడ 25 పేజీలకి మించని వాదన రాసివ్వాలి, దానికి విడిగా క్లాసుకి 200 డాలర్లు. గడువు రోజు అర్ధరాత్రి అంటే తూర్పు తీరం అర్ధరాత్రి. కాలిఫోర్నియావాళ్ళకి రాత్రి తొమ్మిదికే తెల్లారిపోతుంది.

ఊళ్ళో ఉన్న తమ్ముడి పేరనో బావమరిది పేరనో వేస్తే ఇక్కడి లాయరు తప్పనిసరి. 2019 ఆగస్టు నుంచీ అంతే. ట్రేడ్‌మార్కులకి దేశాల మధ్య ఉన్న మాడ్రిడ్ ఒప్పందం మీద ఇండియా నుంచే వేసినవాళ్ళకి మాత్రం గడువు 6 నెలలు, పొడిగింపు లేదు.

ఇంత చెప్పి ఇంగ్లీషు పేరే పెట్టుకోమనను. పిల్లలకి పేరు కోసం తాతముత్తాతల దాకా వెతికే మనం, పచ్చడి సీసా దగ్గరకొచ్చేసరికి ‘కారం’ అనో ఇంటిపేరో తగిలించి ఊరుకుంటాం. ఆ రెండూ నిలవడం కష్టం. సరుకుతో చుట్టరికం లేని తెలుగు మాట చూడండి. మీ అమ్మమ్మ మాటల్లో బోలెడు దొరుకుతాయి.

నేను మళ్ళీ 350 డాలర్లు కట్టి ‘తూనీగ’ అని వేశాను. “నూనెకీ తూనీగకీ ఏం సంబంధమన్నా?” అన్నాడు తమ్ముడు. సంబంధం లేకపోవడమే కావాలిరా అన్నాను.

ఇంట్లో ఎక్కడైనా ‘ఫైనల్’ అని రాసున్న నోటీసు ఉంటే, ఈ సంచిక పక్కన పెట్టి ముందు దాని మీద తేదీ చూడండి.