క్లోమమునకు వచ్చు కాన్సరు – రక్తపరీక్ష

రక్తపరీక్షల చీటీలు లేని గృహము నేడు అరుదు. ఆ చీటీలలో ‘సి.ఏ. 19-9’ అను దాని యెదుట అంకె హెచ్చుగా నున్నచో ఇంటిల్లిపాదియు కంటతడి పెట్టుటయు, తక్కువగా నున్నచో గండము గడచెనని తలచుటయు కలదు. రెండును తొందరపాటే యని మా సోదరీమణులకు విన్నవించుచున్నాము.

క్లోమము జీర్ణాశయమునకు వెనుక అడ్డముగా నుండు గ్రంథి. జీర్ణరసమును, ఇన్సులినును ఇదియే తయారుచేయును. లోతున దాగియుండుటచే, దీనిలో పుట్టిన కంతి చాలకాలము బయటపడదు. రక్తపుబొట్టుతో దానిని పట్టుకొనవలెనని వైద్యులు ఆశపడుట సహజమే కదా!

1979లో అమెరికాలోని ఫిలడెల్ఫియాయందలి విస్టార్ సంస్థలో కొప్రోవ్‌స్కీ మొదలగువారు పెద్దప్రేగు కాన్సరును పరిశోధించుచు ఈ పదార్థమును గుర్తించిరి. క్లోమపు కాన్సరునందును ఇది హెచ్చునని పిమ్మట తెలిసెను. మిల్లీలీటరునకు 37 యూనిట్ల లోపున్నచో సామాన్య మందురు.

అయితే పిత్తనాళమున రాయి అడ్డుపడినను ఈ యంకె వందలకు ఎగబ్రాకవచ్చును. అడ్డు తొలగి పైత్యము సాఫీగా పారిన వెనుక దిగిపోవును. కాబట్టి కామెర్లున్నప్పటి అంకెను చూచి గుండె చెదరవలదు. ఇక రెండవ చిత్రము వినుడు. ఎ, బి, ఓ వలెనే ‘లూయిస్’ అను రక్తవర్గ మొకటి కలదు. ఆ లక్షణము బొత్తిగా లేనివారు పాశ్చాత్యులలో నూటికి 5 మొదలు 10 మంది వరకు నుందురు. వారి శరీరము ఈ పదార్థమును తయారుచేయనే చేయదు. కాన్సరు ముదిరినను అంకె లేవదు! చిన్న కంతులున్న యితరులలో సైతము ఒక్కొక్కప్పుడు హెచ్చదు. ఏ బాధయు లేనివారికి ఈ పరీక్షను వైద్యులు సిఫారసు చేయకుండుటకు కారణమిదియే.

గృహిణులు కనిపెట్టవలసినవి వేరు. నొప్పిలేని కామెర్లు, దురద, తెల్లబారిన మలము, కారణములేక చిక్కిపోవుట, ఏబదియేండ్లు దాటినపిదప క్రొత్తగా మధుమేహము తోచి బరువు తగ్గుట – ఇవి కానవచ్చిన జాగు చేయరాదు. మన ప్రాంతములలో కామెర్లనగానే పసరు పోయించి వారములు గడపు వాడుక యున్నది. కంతి చిన్నదిగా నున్నప్పుడే శస్త్రచికిత్సకు వీలుండును గనుక ఆ వారములు మిక్కిలి విలువైనవి. సి.టి. స్కాను తీయించి, అవసరమైనచో ముక్క తీసి పరీక్షించినగాని రోగనిర్ణయము కాదు.

రోగము తేలినవారికి మాత్రము ఈ పరీక్ష మంచి తోడు. చికిత్సకు ముందు హెచ్చుగానున్న అంకె పిదప తగ్గుచున్నదా, మరల లేచుచున్నదా యని వైద్యులు చూతురు. యంత్రమును బట్టి అంకె మారును గావున, ప్రతిసారియు ఒకేచోట చేయించి, పాత చీటీలన్నియు తేదీల వరుసను కుట్టి తీసికొనిపోవలెను.