డీవీడీలో చిక్కిన మల్లన్న కథ

ఒగ్గుకథ చెప్పువానికి డోలు తప్పినచో కథ తప్పినట్లే. ఈ మాట బాల్యము నుండియు వినుచున్నదే గాని, నెక్కొండలో మా యింట నున్న ముసలి కంప్యూటరు మూలమున నాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

మా ప్రాంతపు కథకుడొకరు 2006లో మల్లన్న కథ చెప్పగా, ఎవరో వీడియో తీసి డీవీడీ మీద కెక్కించి యిచ్చిరి. ఆయన గతించినారు. వేరొక ప్రతి లేదు. డిగ్రీ చదువుచున్న ఆయన మనుమడు దానిని చేతిగుడ్డలో చుట్టి తెచ్చి, "సారూ, మా కొత్త లాప్‌టాపుల దీన్ని పెట్టెతందుకు జాగనే లేదు" అనెను. నా పాత పెంటియం త్రీ యంత్రమునకు ఆ సొరుగున్నది. వేసి చూచితిమి. అయిదు నిమిషములు సవ్యముగా నడచినది. పిదప బొమ్మ కొయ్యబారుటయు, ఒక్కసారిగా ముందునకు దూకుటయు మొదలాయెను. "తాత చెయ్యి ఆగుతున్నది, డోలు మాత్రం మోగుతనే ఉన్నది సారూ!" అని వాడు తెర దగ్గరకు జరిగెను.

యంత్రము ముసలిది గావున శక్తి చాలుట లేదని మొదట నేననుకొంటిని. అది సగము నిజము మాత్రమే. మన దేశమున వాడుకలో నున్న డీవీడీ చిత్రమున అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులుండును. అట్టి బొమ్మలు సెకనుకు 25. అనగా సెకను కాలములో కోటికి పైబడిన బిందువులు తెరపై దిద్దవలెను. అన్నియు ఉన్నవున్నట్లు వ్రాసినచో అంత చిన్న బిళ్ళపై కథ ఇముడదు. అందుచేత ఎంపెగ్-2 అను పద్ధతిలో నడుమ నడుమ ఒక్కొక్క బొమ్మను సంపూర్ణముగా నుంచి, తక్కినవానికి భేదములను మాత్రము గుర్తింతురు. మన పండితులు కావ్యము నొక్కసారి అచ్చువేసి, ఇతర ప్రతుల పాఠాంతరములను మాత్రము అడుగున చూపినట్లే గదా! ఆ పాఠాంతరములను చదివి పూర్తి ప్రతిని క్షణక్షణము పునర్నిర్మించు భారము ప్రాసెసరుది. 1990ల చివర ఈ యొక్క పనికే వేరుగా డీకోడర్ కార్డులను అమ్మెడివారు. 1999లో వచ్చిన పెంటియం త్రీ వంటివానికి వాటి యవసరము చాలవరకు తీరినది. కనుక మా యంత్రము మరీ యంత యశక్తురాలు గాదు. మరి తడబాటేల?

దోషము బిళ్ళపై గీతలలో మొదలైనది. సొరుగు నుండి జ్ఞాపకశక్తి లోనికి సమాచారమును చేరవేయుటకు రెండు త్రోవలు కలవు. డీఎంఏ త్రోవలో అది ప్రాసెసరు ప్రమేయము లేకయే చేరును. పీఐఓ త్రోవలో ప్రతి ముక్కను ప్రాసెసరే మోయవలెను. మార్కెట్ యార్డులో పద్దు వ్రాయవలసిన గుమాస్తా కలము పడవైచి హమాలీతో బాటు మిరప బస్తాలు మోసినట్లు! విండోస్ ఎక్స్‌పీలో నొక విచిత్రమైన నియమమున్నది. చదువుటలో ఆరు పర్యాయములు పొరపాటో ఆలస్యమో జరిగినచో, అది వేగమును మెట్టు మెట్టుగా దించి, తుదకు పీఐఓకు దిగజార్చును. యంత్ర మార్పి వేసినను ఆ శిక్ష తొలగదు. గీతలు పడిన బిళ్ళ చేసిన తప్పునకు ప్రాసెసరు వెట్టిచాకిరి చేయుచుండెను. శబ్దము తెగకుండ నిలుపుటకై ప్లేయరు బొమ్మలను వదలి వేయుచుండెను.

ఉపాయము సులభమే. డివైస్ మేనేజరులో ఆ సెకండరీ ఐడీఈ చానలును తొలగించి యంత్రమును మరల వెలిగించితిని. అది సొరుగును క్రొత్తగా గుర్తించి డీఎంఏకు వచ్చినది. బిళ్ళను మెత్తని గుడ్డతో నడుమ నుండి అంచునకు తుడిచితిమి. గుండ్రముగా తుడిచినచో గీత దారి వెంబడే రాపిడి పడి నష్టము హెచ్చును. పిమ్మట దానిని నేరుగా చూడక, ముందుగా హార్డు డిస్కు మీదికి ప్రతి తీసితిమి. ఈ పని మొట్టమొదటనే చేయవలసినది. ఒకే యొక్క ప్రతి యున్న వస్తువును మాటిమాటికి త్రిప్పి చూచుట నా అవివేకమే.

ఇంకొక చిక్కు మిగిలెను. వీడియో కెమెరా తీసిన ప్రతి బొమ్మయు సరిబేసి వరుసలుగా రెండు సగములు. కంప్యూటరు తెర వానిని కలిపి చూపునప్పుడు, వేగముగా కదలు డోలు వాద్యకుని చేతులు దువ్వెన పండ్లవలె చీలి కనబడెను. డీఇంటర్లేసు అను సవరణలో మిక్కిలి మేలైన పద్ధతిని ఎన్నగా ప్రాసెసరు మరల రొప్పెను. సాధారణమైన దానితో సరిపెట్టుకొంటిమి. అన్నట్లు, 2014 నుండి ఎక్స్‌పీకి భద్రతా సవరణలు లేవు గావున ఆ యంత్రమును ఇంటర్నెట్టుకు కలుపను. ప్రతిని పెన్ డ్రైవులో వాని కిచ్చితిని.

ఆ రాత్రి కథ మొత్తము ఆగక నడచినది. గీత మరీ లోతుగా నున్న యొకచోట మాత్రము కొన్ని సెకనులు దక్కలేదు. అక్కడ మా వరండాలోనే కూర్చుండి మనుమడు తాత పలుకులను తానే అందుకొని, తెర మరల కదలు వరకు తొడపై దరువు వేయుచు పాడెను.