కరిగే బొమ్మలు చెప్పే వాన లెక్క

మట్టెద్దులు, మట్టి గణపతి, బొడ్డెమ్మ, బతుకమ్మ... మన వానకాలం కళలన్నీ నాలుగు రోజులు మురిపించి నీళ్లలో కలిసేవే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో అవి ఏటా కాలం తీరును చెబుతూనే ఉన్నాయి. మనమే చెవిన పెట్టడం లేదు.

2015 డిసెంబర్‌లో పారిస్‌లో వాతావరణ సదస్సు జరుగుతుండగా కళాకారుడు ఓలాఫర్ ఎలియాసన్, భూగర్భ శాస్త్రవేత్త మినిక్ రోసింగ్ కలిసి గ్రీన్‌లాండ్ నుంచి 12 భారీ మంచు దిమ్మెలు తెప్పించారు. నగరం నడిబొడ్డున గుండ్రంగా పేర్చి వదిలేశారు. జనం వాటిని తడిమి చూశారు, చెవులు ఆనించి విన్నారు. అవి కళ్లముందే కరిగిపోయాయి. ఎక్కడో ధ్రువాల దగ్గర జరుగుతున్న నష్టాన్ని గుమ్మంలోకి తేవాలన్నది వాళ్ల ఆలోచన.

పాలమూరు దక్షిణాన ఉన్న మన పల్లెల్లో దేన్నీ దూరం నుంచి తేనక్కర్లేదు. కాలికింది మన్నూ, చేనుగట్టు పువ్వూ ఆ పని చేస్తాయి.

మన్ను తడిసిందా?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, అంటే గద్వాల ప్రాంతంలో, జ్యేష్ఠ అమావాస్యకు మట్టితో ఎద్దులు చేసి పూజిస్తారు. మృగశిర కార్తె వచ్చి, విత్తనం మీద రైతు మనసు లాగే అదను అది. రాష్ట్రంలో వాన తక్కువ పడే జిల్లాల్లో గద్వాల ఒకటి. బొమ్మ చేసే మన్ను తొలకరికి తడిసిందా, బిందెడు నీళ్లు పోసి తడపాల్సి వచ్చిందా అన్నదే అక్కడ ఆ ఏటి మొదటి కబురు.

చెరువు నిండిందా?

రెండో కబురు భాద్రపదంలో వస్తుంది. నిమజ్జనం నాటి చెరువు మట్టమే ఆ కబురు. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన చెరువులకు సప్తసముద్రాలని పేరు. 1959లో ప్రారంభమైన సరళాసాగర్ జలాశయానికైతే, మట్టం నిండగానే మనిషి చేయి పడకుండా నీళ్లు వదిలే సైఫన్లు పెట్టారు. వానను ఒడిసిపట్టడం తెలిసిన నేల ఇది. చెరువు మట్టితో చేసిన వినాయకుడూ బొడ్డెమ్మా తిరిగి చెరువుకే చేరితే ఎవరికీ నష్టం లేదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం అలా కలిసిపోదు, దాని రంగులు నీటిని పాడుచేస్తాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లో దాన్ని వద్దంది. ఖైరతాబాద్ మహాగణపతిని సైతం 2022లో మట్టితోనే నిలబెట్టారు.

గునుగు దొరికిందా?

ఇక తంగేడు, గునుగు పూలతో పేర్చే బతుకమ్మ. తంగేడు ఎండకు ఓర్చుకుని బీళ్లలో, గుట్టవాలుల్లో పూస్తుంది. గునుగు మెట్టచేలలో వానకు మొలిచే కలుపు. గడ్డిమందు కొట్టిన చేలో అది కనిపించదు. కాబట్టి నాగర్‌కర్నూల్ నల్లమల అంచు పల్లెల్లో పూలకు పోయిన ఆడబిడ్డలకు వాన తీరుతోపాటు, నేలను మనం వాడుకుంటున్న తీరూ తెలిసిపోతుంది. అంగడిలో కొన్న బంతిపూలకు ఆ ఊరి సంగతి తెలియదు. ప్లాస్టిక్ పూలకు ఏ ఊరి సంగతీ తెలియదు.

ఒకే ఏడు కరువూ వరదా

ఈ కబుర్లు వినాల్సిన అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. దాంతో వానల మధ్య ఎడం పెరగడం, కురిస్తే కుండపోతగా కురవడం ఎక్కువవుతోంది. 2009లో దేశం మొత్తమ్మీద నైరుతి వర్షం సాధారణం కన్నా 22 శాతం తగ్గింది. ఆ ఏడు సెప్టెంబర్ 28న దసరా. నాలుగు రోజులు తిరిగేసరికి తుంగభద్ర పొంగి అలంపురాన్ని, రాజోలిని ముంచెత్తింది. ఒక్క వరదను పట్టుకుని అంతా వాతావరణ మార్పేనని తేల్చలేం. కానీ ఇలాంటి తలకిందుల కాలానికే సిద్ధపడాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

పండుగలను ఉపన్యాస వేదికలు చేయమని కాదు. వాటి సరుకును మార్చకుండా ఉంటే చాలు. దాంతోపాటు ప్రతి ఊరి బడిలో ఒక నోటుబుక్కు పెట్టాలి. మట్టెద్దుల నాటికి నేల పదునైందా, నిమజ్జనం నాడు చెరువులో ఎన్ని మెట్లు మునిగాయి, గునుగు కోసం ఎంత దూరం నడిచారు అన్నవి పిల్లలు ఏటా రాయాలి. పదేళ్లు రాస్తే ఆ ఊరి వాతావరణ చరిత్ర ఊరి చేతిలోనే ఉంటుంది. కొత్త చెరువు కావాలన్నా, పంట మార్చాలన్నా, గ్రామసభలో చూపడానికి అంతకు మించిన కాగితం ఉండదు.