అది ఒట్టి మతిమరుపేనా?

మా అత్తగారికి డెబ్బై రెండేళ్ళు. నా పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకు వచ్చారో ఈనాటికీ తడుముకోకుండా చెబుతారు. అటువంటి మనిషి కిందటేడు ఆవకాయ కలుపుతూ, "ఉప్పు వేశానటే, అమ్మాయీ?" అని నాలుగుసార్లు అడిగారు. "వేశారు కదత్తయ్యగారూ! ఎన్నిసార్లు చెప్పనూ?" అని విసుక్కున్నాను. ఆ మాట నాకిప్పటికీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"వయసు మీదపడ్డాక మామూలేలే" అన్నారు మావారు. సరిపెట్టుకున్నాం. ఒకనాటి సాయంకాలం, ముప్ఫై ఏళ్ళుగా వెళ్ళివచ్చే గుడి నుంచి ఇంటికి దారి తెలియక ఆవిడ వీధి మలుపులో నిలబడిపోయారు. పూలమ్మే అమ్మాయి చెయ్యి పట్టుకు తీసుకువచ్చింది. ఇక లాభం లేదని నరాల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం.

ఆయన ముందు నన్నే ప్రశ్నించారు. ఎప్పట్నుంచి? మెల్లమెల్లగానా, హఠాత్తుగానా? హఠాత్తుగా వస్తే ఆనాడే ఆసుపత్రికి పరుగెత్తాలట. ఏ మందులు వాడుతున్నారు? అదృష్టవశాత్తూ మందుల డబ్బా వెంట తీసుకువెళ్ళాను. కొన్ని నిద్రమాత్రలూ, ఎలర్జీ మాత్రలూ కూడా పెద్దవాళ్ళ మతిని మందగింపజేస్తాయట!

తరువాత అత్తగారిని, "ఇవాళ తేదీ ఎంతండీ?" అని అడిగారు.

"తేదీలు మీకు నాయనా! నాకు బహుళ దశమి" అన్నారావిడ. క్యాలెండరు చూస్తే నిజమే! డాక్టరుగారు నవ్వి మార్కు వేశారు. కాని గుర్రం, గొడుగు, చింతపండు అని మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి అడిగితే, చింతపండు ఒక్కటే మిగిలింది.

రక్తం పరీక్ష చేయించారు. తలకు స్కాను తీయించారు. థైరాయిడ్ మందగించినా, బి12 విటమిను లోపించినా, మనసులో దిగులు గూడు కట్టుకున్నా మతిమరుపు రావచ్చు. వీటన్నిటికీ చికిత్స ఉంది. చెవి సరిగా వినబడకపోయినా మరచిపోయినట్టే కనిపిస్తారు.

అత్తగారికి బి12 తక్కువగానే ఉంది. ఇంజక్షన్లతో నీరసం పోయి, కొంత తేరుకున్నారు. ఆరు నెలలయ్యాక డాక్టరుగారు మళ్ళీ పరీక్షించి, మెల్లగా చెప్పారు: మిగిలినది అల్జీమర్స్ వ్యాధి, తొలిదశ. 1906లో దాన్ని మొదట వివరించిన జర్మన్ వైద్యుడి పేరే ఆ జబ్బుకు పెట్టారు. పూర్తిగా కుదిర్చే మందు లేదు. లక్షణాలను కొంతకాలం కొంతవరకు తగ్గించే మాత్రలు మాత్రం ఉన్నాయి.

"కుదరని జబ్బు పేరు తెలిసి ఏం లాభం?" అంటారా? ఆ రాత్రే అత్తగారు మమ్మల్ని కూర్చోబెట్టి, "మతి ఉండగానే చెబుతున్నాను, రాసుకోండి" అంటూ బ్యాంకు పుస్తకం, పొలం కాగితాలు, కాసులపేరు ఏది ఎవరికో తన నోటితోనే చెప్పారు. ఇంకో ఏడాది ఆగితే ఆ మాట ఆవిడది అయ్యేది కాదు. ఆ ప్రశ్నల వెనక జబ్బుందని తెలిశాక నాకూ విసుక్కోవడానికి నోరు రాలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తెలిసిన దారి తప్పినా, చేయి తిరిగిన వంటలో తడబడినా, వయసు మీదకు నెట్టేయకండి. ఒక్కసారి డాక్టరుకు చూపించండి.

ఈ ఏడూ ఆవకాయ కలిపాం. "ఉప్పు వేశానటే, అమ్మాయీ?" అన్నారు అత్తగారు.

"వేశారండీ, సరిగ్గా సరిపోయింది" అన్నాను, ఐదోసారి.