కెమెరా ఉంది సరే, చూసేదెవరు?

మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయంలో 2024 జూలై 21 రాత్రి మంటలు లేచి రెవిన్యూ దస్త్రాలు బూడిదయ్యాయి. అటువంటి దస్త్రాలలో ఎన్ని కుటుంబాల భూముల గొడవలు ఉంటాయో పల్లెవారికి చెప్పనక్కరలేదు. నిప్పు ఎలా పుట్టిందో అక్కడి కెమెరాలు చెప్పవలసింది. తీరా చూస్తే అవి కొన్నాళ్లుగా పనిచేయడమే లేదని పత్రికలలో వచ్చింది!

ఇంతకూ కెమెరాకు దొంగ జడుస్తాడా? కొంతవరకు జడుస్తాడు. నలభై ఏళ్ల పరిశోధనలను 2019లో కొందరు నిపుణులు ఒకచోట చేర్చి లెక్కవేస్తే, కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గినట్లు తేలింది. బండ్లు నిలిపే చోట్ల ఫలితం మెండు. కొట్లాటల విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం లేదు; కోపంతో ఒళ్లు తెలియనివాడు కెమెరా వంక చూస్తాడా మరి? తెర ముందు మనిషి కూర్చొని కనిపెట్టి చూసిన కెమెరాలే ఎక్కువ ఉపకరించాయట.

కుప్పంలో ఇంకొక చిక్కు. అది మూడు రాష్ట్రాల పొలిమేర. బొమ్మలో ముఖం చక్కగా పడినా, ఆ మనిషి కోలారు వైపు పోయాడో, కృష్ణగిరి వైపు పోయాడో! అవతలి పోలీసులకు ఆ బొమ్మ వెంటనే అందకపోతే దాచుకొని చూసుకోవలసిందే.

అందుకే, తాళం వేసిన ఇళ్లకోసం మన రాష్ట్ర పోలీసులు తెచ్చిన ఏర్పాటు నాకు నచ్చింది. పుంగనూరు నుంచి తిరుపతికి పెళ్లికి పోతున్నారనుకోండి. ముందుగా ఫోనులోని యాప్ ద్వారా తెలిపితే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా అమర్చడం, లోపల అలికిడి అయితే కంట్రోలు రూముకు కబురు పోవడం దాని పద్ధతి. పైసా ఖర్చు లేదు. మీ ఠాణాలో ఇది నడుస్తున్నదో లేదో మూటాముల్లె సర్దకముందే కనుక్కోండి. పక్కింటి అక్కయ్యకు చెప్పిపోవడం ఎలాగూ ఉన్నదే.