పాత గిటార్ పెడల్స్ కొంటున్నారా? పేరు కాదు, లోపలి సర్క్యూట్ చూడండి

మూడేళ్లు వాడిన ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే ఎంత వస్తుందో మనందరికీ తెలుసు. అప్‌డేట్లు ఆగిపోతాయి, బ్యాటరీ నీరసపడుతుంది, చివరికి అది డ్రాయర్‌లో చేరుతుంది. కానీ 1981లో వచ్చిన బాస్ ఎస్‌డి-1 అనే గిటార్ పెడల్‌ని చూడండి. ఇవాళ్టికీ అదే పసుపు రంగు డబ్బాలో కొత్తది అమ్ముతున్నారు. నలభై ఏళ్ల కిందటిది దొరికినా, 9 వోల్టుల బ్యాటరీ పెడితే పలికే అవకాశాలే ఎక్కువ. గాడ్జెట్లలో ఇంత ఆయుష్షు ఉన్నవి చాలా తక్కువ.

అందుకే పాత పెడల్స్ పోగేసే సరదా ప్రపంచమంతా ఉంది. చిక్కల్లా ధరతోనే. యూట్యూబ్‌లో ఎవరో పెద్ద గిటారిస్ట్ వాడాడంటే చాలు, ఆ మోడల్ రేటు మన చేతికి అందదు. అయితే అదే సర్క్యూట్, కొన్నిసార్లు అదే చిప్, పేరులేని ఇంకో డబ్బాలో పావలా ధరకి దొరుకుతుంది. అలాంటివి ఎలా గుర్తుపట్టాలి, విజయవాడ లాంటి ఎండా ఉక్కా ఉన్న ఊళ్లో ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈ ఆర్టికల్.

పెడల్ అంటే ఏంటి?

ఎలక్ట్రిక్ గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో పెట్టి, కాలితో నొక్కి ఆన్ ఆఫ్ చేసే చిన్న డబ్బా. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ రకాలు శబ్దాన్ని గరగరలాడిస్తాయి. కోరస్ ఒక గిటార్‌ని రెండు మూడు కలిసి వాయించినట్టు చేస్తుంది. డిలే వాయించినదాన్ని ప్రతిధ్వనిలా తిరిగి పలికిస్తుంది. పాత అనలాగ్ పెడల్స్‌లో సాఫ్ట్‌వేర్ ఏమీ ఉండదు. ఒకటి రెండు ఐసీలు, కొన్ని ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, కెపాసిటర్లు, అంతే. రేడియో రిపేరు తెలిసిన మెకానిక్ కూడా బాగుచేయగలడు.

మన దగ్గర ఎక్కడుంటాయి?

విజయవాడ, గుడివాడ, తెనాలి, మచిలీపట్నం... డెల్టాలో ఏ ఊరు తీసుకున్నా దసరాకో శ్రీరామనవమికో పందిట్లో సినిమా పాటల ఆర్కెస్ట్రా ఉండేది. చర్చిల్లో గిటార్ ఇప్పటికీ ఉంది. ఆ వాయించేవాళ్లు తర్వాత మల్టీ ఎఫెక్ట్స్‌కి మారారు. కొన్ని చోట్ల ట్రాక్ మొత్తం కీబోర్డు నుంచో ల్యాప్‌టాప్ నుంచో వస్తోంది. పాత పెడల్స్ అటక మీదకెక్కాయి. ఓఎల్ఎక్స్‌లో "గిటార్ మెషిన్" అనో "సౌండ్ బాక్స్" అనో రాసి పెట్టే ప్రకటనలు కూడా వదలకండి. పేరు తెలియక పెట్టినవాటిలోనే మంచి బేరాలు తగులుతాయి.

ఇంకో దారి, అమెరికా నుంచి సెలవులకి వచ్చే బంధువులు. కృష్ణా జిల్లాలో అలాంటి బంధువు లేని ఇల్లు వెతకాలి కదా! అక్కడి సెకండ్ హ్యాండ్ మార్కెట్ మనకంటే చాలా పెద్దది. పెడల్ అరచేతిలో పట్టేంతే ఉంటుంది. సూట్‌కేసులో పెట్టేముందు లోపలి బ్యాటరీ మాత్రం తీసేయమనండి.

"అండర్‌రేటెడ్" అనే మాట ఎంతకాలం నిలుస్తుంది?

బాస్ హెచ్‌ఎం-2 హెవీ మెటల్ కథ చూడండి. 1983లో వచ్చింది, 1991లో ఆపేశారు. చాలామంది దాన్ని చౌకబారు శబ్దం అని పక్కన పెట్టేశారు. కానీ స్వీడన్ డెత్ మెటల్ బ్యాండ్ ఎంటూంబ్డ్ 1990లో తీసిన 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' ఆల్బమ్‌లో గిటార్ శబ్దానికి మూలం ఈ పెడలే. ఆ శబ్దం కోసం తర్వాతి తరం వెతకడం మొదలుపెట్టాక రేటు పెరిగింది. చివరికి కంపెనీయే దాన్ని వాజా క్రాఫ్ట్ సిరీస్‌లో మళ్లీ తయారు చేసింది. ఐబనేజ్ టీఎస్10 కూడా అంతే. జాన్ మేయర్ పెడల్‌బోర్డు మీద కనిపించేదాకా దాన్ని అడిగిన వాళ్లు తక్కువ.

రెండు కథల్లోనూ సర్క్యూట్ మారలేదు, పేరొచ్చింది అంతే. కాబట్టి పేరు రాకముందే కొనాలంటే లోపలికి చూడటం రావాలి.

ఇప్పటికీ అందుబాటులో ఉన్న నాలుగు

1. బాస్ ఎస్‌డి-1 సూపర్ ఓవర్‌డ్రైవ్: అందరూ ఎగబడే ఐబనేజ్ ట్యూబ్ స్క్రీమర్‌కి ఇది దగ్గర చుట్టం. రెండింటిలోనూ ఆప్‌ఆంప్ చుట్టూ పెట్టిన డయోడ్లు సిగ్నల్ కొసల్ని నరికి ఓవర్‌డ్రైవ్ పుట్టిస్తాయి. ట్యూబ్ స్క్రీమర్‌లో అటొకటి ఇటొకటి సమానంగా ఉంటాయి. ఎస్‌డి-1లో ఒకవైపు రెండు, ఇంకోవైపు ఒకటి. అందుకే దీని గరుకుదనం కాస్త వేరుగా వినిపిస్తుంది. లక్షల్లో తయారైంది కాబట్టి పాతది కూడా ధర అందుబాటులోనే ఉంటుంది.

2. తైవాన్ తయారీ బాస్ డీఎస్-1: ఈ నారింజ రంగు డిస్టార్షన్ 1978లో మొదలైంది. జపాన్‌లో తయారైనవాటికి కలెక్టర్లు ఎక్కువ ఇస్తారు. 80ల చివర్లో తయారీ తైవాన్‌కి మారింది. అయితే 1994 దాకా వచ్చిన తైవాన్ పెడల్స్‌లోనూ జపాన్ వాటిలో ఉన్న తోషిబా టీఏ7136ఏపీ చిప్పే ఉంటుంది. ఆ తర్వాత వేరే చిప్ పెట్టి సర్క్యూట్ మార్చారు. బయట నుంచి చూస్తే తేడా తెలియదు. కింద నాలుగు స్క్రూలు విప్పి చిప్ మీద నంబరు చదివితే తెలిసిపోతుంది. జపాన్ స్టిక్కర్ కోసం ఎక్స్‌ట్రా ఇవ్వడం మీ ఇష్టం.

3. ఎరియాన్ ఎస్‌సీహెచ్-1 స్టీరియో కోరస్: ప్లాస్టిక్ డబ్బా, చూస్తే బొమ్మలా ఉంటుంది. మొదట జపాన్‌లో, తర్వాత శ్రీలంకలో తయారైంది. లాస్ ఏంజెలిస్ స్టూడియో గిటారిస్ట్ మైఖేల్ లాండావ్ వాడాడంటే లోపల సరుకు ఎలాంటిదో ఊహించుకోండి. బలహీనత బాడీయే. బ్యాటరీ మూత విరిగిందేమో చూడండి. లోపల చిన్న ప్రీసెట్లు ఉంటాయి, వాటిని స్క్రూడ్రైవర్‌తో తిప్పొద్దు. ఒకసారి సెట్టింగ్ పోతే కొలిచే పరికరాలు లేకుండా మళ్లీ తేవడం కష్టం.

4. ఐబనేజ్ టీఎస్5: 90ల నాటి సౌండ్‌ట్యాంక్ సిరీస్. ప్లాస్టిక్ బాడీలో ట్యూబ్ స్క్రీమర్ అన్నమాట. కేబుల్ జాక్‌లు నేరుగా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి కాబట్టి లాగితే టంకం వదులుతుంది. "ఆగి ఆగి వస్తోంది" అని తక్కువకి అమ్మేవాటిలో చాలావరకు ఇదే జబ్బు. ఐదు నిమిషాల సోల్డరింగ్ పని.

పాత డిజిటల్ పెడల్స్ విషయంలో మాత్రం ఆలోచించి దిగండి. ఉదాహరణకి 1983 నాటి బాస్ డీడీ-2 డిలేలో కంపెనీ సొంతంగా చేయించిన చిప్ ఉంటుంది. అది పోతే ఇంకో చచ్చిన డీడీ-2 నుంచి తీసి వేయాల్సిందే. అదే ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్‌లో పోయేది 4558 ఐసీ అయితే, గవర్నర్‌పేట వైపు ఏ ఎలక్ట్రానిక్ స్పేర్స్ షాపులో అడిగినా టీ ఖర్చుతో పనైపోతుంది.

విజయవాడ ఎండకి పడనిది ఒకటుంది

వింటేజ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1966 నాటి ఫజ్ ఫేస్. తొలినాటి వాటిలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. జెర్మేనియంలో వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది, సుమారుగా ప్రతి 10 డిగ్రీలకి రెట్టింపు. ఇంగ్లండ్‌లో 20 డిగ్రీల గదికి సెట్ చేసిన సర్క్యూట్‌ని మే నెలలో మన 45 డిగ్రీల ఎండలో, పైగా పందిరి లైట్ల కింద పెడితే బయాస్ పక్కకి జరిగిపోతుంది. శబ్దం తెగిపోయినట్టు, మూసుకుపోయినట్టు వస్తుంది. పెడల్ పాడవలేదు, దానికి చెమట పట్టిందంతే. మన వాతావరణానికి బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లున్న ఫజ్ నయం. కలెక్టర్లు సిలికాన్‌ని కాస్త చిన్నచూపు చూస్తారు, అది మనకి లాభం.

ఫజ్ ఫేస్‌లలో కొన్నిటికి వాడిన జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఏసీ128. సరిగ్గా ఆ నంబరుతోనే బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారు చేసింది. మన తాతల కాలం ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకర్‌ని నడిపే దశలో ఈ రకమే ఉండేది. అంటే అటక మీది చచ్చిన రేడియోలో ఒక ఫజ్ పెడల్‌కి సరిపడా సరుకు ఉండొచ్చు. మల్టీమీటర్‌తో గెయిన్, లీకేజీ చూసి, ఏసీ గదిలో రికార్డింగ్‌కి ఒకటి కట్టుకోవచ్చు. పలుకుతున్న రేడియో జోలికి మాత్రం వెళ్లకండి, దాని విలువ వేరు.

కొనేముందు అడాప్టర్ దగ్గర ఆగండి

పాత బాస్ పెడల్స్ మీద అడాప్టర్ రంధ్రం పక్కన "ఏసీఏ" అనో "పీఎస్ఏ" అనో రాసి ఉంటుంది. ఏసీఏ రకం రెగ్యులేట్ చేయని 12 వోల్టుల అడాప్టర్ కోసం చేసింది. దానికి ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ పెడితే లోపలికి చేరేది తక్కువే. లైటు మసకగా వెలుగుతుంది, శబ్దం నీరసంగా ఉంటుంది. "పాతదైపోయింది" అనుకుని అమ్మేస్తారు. మీరు కొత్త 9 వోల్టుల బ్యాటరీ తీసుకెళ్లి పెట్టి చూడండి. బ్యాటరీ మీద బాగా పలికితే పెడల్‌కి ఏ జబ్బూ లేదు.

రెండోది పోలారిటీ. గిటార్ పెడల్స్‌లో ఎక్కువ వాటికి ప్లగ్ మధ్యలో మైనస్ ఉంటుంది. పక్కనే ఉండే యమహా పోర్టబుల్ కీబోర్డు అడాప్టర్ సాధారణంగా 12 వోల్టులు, మధ్యలో ప్లస్. ఇది అందులో పెడితే చాలా పెడల్స్‌లో రక్షణగా పెట్టిన డయోడ్ తాను కాలి మిగతా సర్క్యూట్‌ని కాపాడుతుంది. పెడల్ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. కానీ మార్చాల్సింది రెండు మూడు రూపాయల 1ఎన్4001 డయోడ్ ఒక్కటే కావచ్చు. అందుకే "డెడ్" అని రాసిన పెడల్‌ని విప్పి చూడకుండా వదలొద్దు.

పవర్ బ్యాంక్‌తో నడపొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. యూఎస్‌బీ పీడీ ట్రిగ్గర్ కేబుల్‌తో 9 వోల్టులు తీసుకోవచ్చు. కానీ రెండు మెలికలున్నాయి. ఆ కేబుళ్లలో ఎక్కువ వాటికి మధ్యలో ప్లస్ ఉంటుంది, పోలారిటీ తిప్పే చిన్న అడాప్టర్ కావాలి. అలాగే ఓవర్‌డ్రైవ్ పెడల్ తాగేది కొద్ది మిల్లీయాంప్‌లే కాబట్టి, ఏమీ కనెక్ట్ కాలేదనుకుని పవర్ బ్యాంక్ మధ్యలో ఆగిపోవచ్చు. తక్కువ కరెంట్ మోడ్ ఉన్న పవర్ బ్యాంక్ చూసుకోండి.

తేమ, వరద

డెల్టాలో పెడల్‌కి అసలు శత్రువు వయసు కాదు, తేమ. మచిలీపట్నం, అవనిగడ్డ వైపైతే ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కొనేటప్పుడు బ్యాటరీ క్లిప్ పచ్చగా మారిందా, జాక్‌ల లోపల తుప్పుందా, నాబ్ తిప్పితే గరగరమంటోందా చూడండి. గరగరకి కాంటాక్ట్ క్లీనర్ చాలు. కారిన ఆల్కలైన్ బ్యాటరీ మరకలకి దూదితో కాస్త వెనిగర్ అద్ది, తర్వాత శుభ్రంగా తుడిచి ఆరబెట్టండి. వాడనప్పుడు బ్యాటరీ లోపల ఉంచొద్దు. గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడితే సరిపోతుంది. కెమెరా డ్రై క్యాబినెట్ ఉంటే మరీ మంచిది.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఫోన్లు, టీవీలతో పాటు వాయిద్యాలున్న ఇళ్లలో అవీ మునిగాయి. అలా మునిగిన అనలాగ్ పెడల్‌ని చెత్తలో వేయక్కర్లేదు. ఆన్ చేసి చూడాలన్న ఆత్రం మాత్రం ఆపుకోవాలి. ముందు బ్యాటరీ తీసేయండి. డబ్బా విప్పి, బోర్డు మీది బురదని మంచినీళ్లతో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి బ్రష్‌తో కడగండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి కడిగి, నీడలో ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరనివ్వండి. బియ్యంలో పెట్టడం ఫోన్‌కి ఎంత దండగో దీనికీ అంతే, బురదని బియ్యం పీల్చుకోదు. పొటెన్షియోమీటర్లు, స్విచ్ మార్చాల్సి రావచ్చు. వాటికి సరిపోయేవి ఇప్పటికీ దొరుకుతాయి.

మా సలహా

మొదటిసారి కొనేవాళ్లు పాత ఎస్‌డి-1తో మొదలుపెట్టండి. తర్వాత టీఏ7136ఏపీ చిప్ ఉన్న తైవాన్ డీఎస్-1, ఆ తర్వాత ఎరియాన్ కోరస్. ప్రతి పెడల్‌కీ సీరియల్ నంబరు, లోపలి చిప్ నంబరు, మార్చిన పార్టులు, బోర్డు ఫొటో ఫోన్‌లో ఒక నోట్‌గా పెట్టుకోండి. రేపు అమ్మేటప్పుడు స్టిక్కర్ కంటే ఆ నోట్ ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక స్క్రూడ్రైవర్, కొత్త 9 వోల్టుల బ్యాటరీ, రెండు కేబుళ్లు పట్టుకెళ్లండి. విప్పి చూడనివ్వని వాళ్ల దగ్గర కొనకండి. ఈ ఆర్కెస్ట్రాల్లో వాయించిన పెద్దవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ఈ వారమే ఒకసారి పలకరించండి. పండక్కి ఇల్లు సర్దేటప్పుడు అటక మీది డబ్బాలు పాత ఇనుప సామాన్ల బండి ఎక్కుతాయి. ఆ బండివాడు చిప్ నంబరు చూడడు, కిలో లెక్కనే తూస్తాడు.